ఆలివ్ నూనెనా, ద్రాక్ష గింజల నూనెనా: రెండూ వాడి చూసిన అనుభవం

మీరు ఇన్నాళ్లూ ఆలివ్ నూనెతో వండుతున్నానని రాశారు. దాన్ని వేడి చేస్తే విషమవుతుందని ఎవరో చెప్పారు. ద్రాక్ష గింజల నూనె ఎక్కువ వేడి తట్టుకుంటుందని, విటమిన్ ఇ కూడా అందులోనే ఎక్కువని విని, మారాలా వద్దా అని అడిగారు. సరిగ్గా ఇవే మాటలు విని నేను ఆరేళ్ల క్రితం మారాను. రెండేళ్లు ద్రాక్ష గింజల నూనెతోనే వండి, మళ్లీ ఆలివ్ నూనెకు వచ్చేశాను. రోజువారీ వంటకు మారవలసిన అవసరం లేదన్నది నా సమాధానం. ఎందుకో చెబుతాను.

నాకు మొదట అనుమానం కలిగించింది ఆరోగ్యం కాదు, బాణలి. ద్రాక్ష గింజల నూనె వాడడం మొదలుపెట్టిన కొన్ని నెలలకే బాణలి అంచుల చుట్టూ పసుపు గోధుమ రంగులో ఒక జిగురు పొర పేరుకుపోయింది. వేడినీళ్లకు పోదు, సబ్బుకు పోదు, గోరుతో గీకినా ఊడిరాదు. పొయ్యి వెనక గోడమీద పడిన తుంపరలు కూడా అలాగే వార్నిష్‌లా బిగుసుకుపోయాయి. అంతకు ముందు ఆలివ్ నూనెతో అదే పొయ్యిమీద, అదే బాణలిలో ఏళ్ల తరబడి వండినా ఇంతగా పేరుకోలేదు. నూనె మాడుతోందేమోనని మంట తగ్గించాను. ఫలితం లేదు. పొగ వచ్చేంత వేడి నేను ఎప్పుడూ పెట్టలేదు కూడా. మరి ఇది ఎందుకు జరుగుతోంది అని వెతకడం మొదలుపెట్టాక, నేను నమ్మిన లెక్కే తప్పని తెలిసింది.

ఆ లెక్క పొగ వచ్చే ఉష్ణోగ్రత గురించి. ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే రిఫైన్ చేయకుండా కాయల నుంచి నేరుగా పిండి తీసిన ఆలివ్ నూనె, సుమారు 190 నుంచి 210 డిగ్రీల సెల్సియస్ మధ్య పొగలు వదులుతుంది. ద్రాక్ష గింజల నూనెకు అది సుమారు 215. అంకెలు చూస్తే రెండోదే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ మన పొయ్యిమీద నిజంగా ఎంత వేడి ఉంటుందో చూడాలి. వంట థర్మామీటరు ఒకటి తెచ్చుకుని కొన్ని వారాలపాటు కొలిచాను. ఉల్లిపాయ ముక్కలు మగ్గుతున్నంతసేపూ నూనె వేడి 130 దాటలేదు. ముక్కల్లోని నీరు ఆవిరయ్యేదాకా అది వేడిని పెరగనివ్వదు. కూరగాయలు ఎర్రగా వేగేటప్పుడు 150, 160. నూనెలో మునిగేలా వేయించే వంటకు 170 నుంచి 190 దాకా కావాలి. ఖాళీ బాణలిని పెద్ద మంటమీద మరిచిపోతే తప్ప మంచి ఆలివ్ నూనె పొగ వచ్చే దాకా పోదు. అంటే మనం వండే వేడిలో ఆ 10, 20 డిగ్రీల తేడా అక్కరకు రాదు.

అక్కరకు వచ్చేది వేరే గుణం. నూనె పొగలు వదలకముందే, కంటికి ఏమీ కనిపించకుండానే, గాలితో కలిసి పాడవడం మొదలవుతుంది. అది ఎంత త్వరగా జరుగుతుందన్నది నూనెలోని కొవ్వు ఆమ్లాల మీద, అంటే కొవ్వుకు మూలమైన పొడవాటి కార్బన్ గొలుసుల మీద ఆధారపడుతుంది. ఆలివ్ నూనెలో అధిక భాగం ఒలీయిక్ ఆమ్లం, 55 నుంచి 83 శాతం దాకా. దాని గొలుసులో కార్బన్ల మధ్య ద్విబంధం, అంటే జంట బంధం, ఒక్కటే. ద్రాక్ష గింజల నూనెలో దాదాపు 70 శాతం లినోలీయిక్ ఆమ్లం. అందులో ద్విబంధాలు రెండు, వాటి నడుమ ఉన్న చోటు చాలా బలహీనం. ఆక్సిజన్ దాడి చేసేది అక్కడే. అందుకే లినోలీయిక్ ఆమ్లం ఒలీయిక్ ఆమ్లం కంటే పది రెట్లకు పైగా వేగంగా ఆక్సీకరణ చెందుతుంది. చిత్రకారులు రంగుల్లో అవిసె నూనె కలుపుతారు, అది గాలి తగిలి గట్టి పొరగా మారుతుంది. ఇలాంటి బంధాలు ఎక్కువగా ఉండడమే దానికీ కారణం. ద్రాక్ష గింజల నూనె అవిసె నూనెంత తీవ్రంగా ఎండదు గానీ ఆ దారిలోనే నడుస్తుంది. నా బాణలి అంచున నాకు కనిపించింది అదే.

దీనికి తోడు ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలో పాలీఫినాల్స్ అనే సహజ వృక్ష పదార్థాలు ఉంటాయి. అవి నూనెను కాపాడే కాపలాదారుల్లాంటివి. వేడికి వాటిలో కొంత భాగం నశిస్తుంది, అది నిజమే. కానీ అలా నశిస్తూనే అవి నూనె చెడిపోకుండా అడ్డుపడతాయి. కాబట్టి ఆలివ్ నూనె వేడి చేస్తే విషమవుతుందన్న మాటను మనసులోంచి పూర్తిగా తీసేయండి. ఏ నూనెనైనా పొగలు వచ్చేదాకా కాచినా, వాడిన నూనెనే మళ్లీ మళ్లీ కాచినా హానికరమైన పదార్థాలు పుడతాయి. ఆ విషయంలో ద్విబంధాలు ఎక్కువున్న నూనెకే ముప్పు ఎక్కువ.

ఇక ఆరోగ్యం సంగతి. నేను మారడానికి అసలు కారణం మా వారి రక్త పరీక్ష. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తేలింది. ద్రాక్ష అంటే గుండెకు మంచిదని ఎక్కడో చదివిన గుర్తు ఉండడంతో, ద్రాక్ష గింజల నూనె కూడా అంతే మేలు చేస్తుందనుకున్నాను. ఇది చాలామంది పడే పొరపాటు. మీరు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండే ఆ ప్రసిద్ధమైన పదార్థాలు, ముఖ్యంగా ప్రోయాంథోసయనిడిన్లు, నూనెలో కరిగేవి కావు. గింజ నుంచి నూనె తీసినప్పుడు అవి దాదాపుగా పిండిలోనే ఉండిపోతాయి. పైగా గింజలో నూనె వాటా 10 నుంచి 20 శాతమే కాబట్టి గానుగలో తిప్పితే వచ్చేది తక్కువ. అందువల్ల చాలా కంపెనీలు వైన్ తయారీలో మిగిలిన గింజలను హెక్సేన్ అనే ద్రావణితో కడిగి నూనె లాగి, తర్వాత రిఫైన్ చేస్తాయి. ద్రాక్ష పేరు మిగులుతుంది, ద్రాక్ష గుణం చాలావరకు మిగలదు. గింజలను నేరుగా పొగ తగిలేలా ఆరబెడితే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే హానికరమైన పదార్థాలు చేరే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ నూనె కొనేటప్పుడు నాణ్యత పరీక్షలు చేయించే తయారీదారునే ఎంచుకోవడం మంచిది.

విటమిన్ ఇ గురించి మీరు విన్నది మాత్రం నిజమే. 100 గ్రాముల ద్రాక్ష గింజల నూనెలో దాదాపు 29 మిల్లీగ్రాములు ఉంటే, ఆలివ్ నూనెలో 14 వరకు ఉంటుంది. అయితే రోజుకు రెండు చెంచాల నూనె తినే మనిషికి ఆ తేడా కొద్ది మిల్లీగ్రాములే. గుప్పెడు బాదం పప్పులు తింటే అంతకంటే ఎక్కువే వస్తుంది. ఒమేగా 6 (లినోలీయిక్ ఆమ్లం ఆ రకం కొవ్వే) ఎక్కువ కాబట్టి ద్రాక్ష గింజల నూనె ఒంట్లో వాపు పుట్టిస్తుందని భయపెట్టేవారి మాట కూడా నేను ఒప్పుకోను. లినోలీయిక్ ఆమ్లం శరీరానికి అత్యవసరమైనదే. వెన్న వంటి సంతృప్త కొవ్వు మానేసి ఆ స్థానంలో దీన్ని తింటే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుందని మనుషుల మీద జరిగిన పరీక్షలు గట్టిగానే చెబుతున్నాయి. మా వారికి కూడా తర్వాతి పరీక్షలో అంకె తగ్గింది. కానీ ఆ నెలల్లోనే ఆయన వెన్న మానేశారు, రోజూ నడవడం మొదలుపెట్టారు. అందుకే ఆ ఘనతను నూనె సీసాకు కట్టబెట్టలేను. తర్వాత ఆలివ్ నూనెకు తిరిగి వచ్చినా ఆ అంకె మళ్లీ పెరగలేదు.

అయితే ఆలివ్ నూనె వెనక ఉన్నంత ఆధారం ద్రాక్ష గింజల నూనె వెనక లేదు. స్పెయిన్‌లో గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,447 మందిపై ప్రెడిమెడ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. మధ్యధరా ప్రాంతపు ఆహారంతో పాటు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె బాగా వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి చూస్తే దాదాపు 30 శాతం తక్కువని 2013లో ప్రకటించారు. కొందరిని గుంపులుగా విభజించిన తీరులో లోపాలు బయటపడడంతో ఆ వ్యాసాన్ని ఉపసంహరించి, లెక్కలు మళ్లీ చేసి 2018లో తిరిగి ప్రచురించారు. ఫలితం దాదాపు అలాగే నిలిచింది. వాళ్లు తిన్నది నూనె ఒక్కటే కాదు, ఆహారం మొత్తం వేరు అన్నది గుర్తుంచుకోవాలి. అయినా గుండె జబ్బుల విషయంలో ద్రాక్ష గింజల నూనెకు ఆ స్థాయి పరీక్ష ఏదీ లేదు.

ఒక్క మాట, ఆలివ్ నూనె అని రాసి ఉన్న ప్రతి సీసాకూ ఇది వర్తించదు. ‘ప్యూర్’ అని, ‘లైట్’ అని రాసి ఉన్నవి ఎక్కువగా రిఫైన్ చేసిన నూనెలు. వాటిలో ఒలీయిక్ ఆమ్లం ఉంటుంది, పాలీఫినాల్స్ చాలావరకు పోతాయి. లైట్ అంటే రంగు, రుచి తేలిక అని మాత్రమే. కొవ్వు తక్కువని కాదు. ఏ నూనె అయినా ఒక పెద్ద చెంచాకు దాదాపు 120 కేలరీలే. ఎక్స్‌ట్రా వర్జిన్ కొనేటప్పుడు నేను కాయలు కోసిన తేదీ, ముదురు రంగు సీసా చూస్తాను. ఇంటికి తెచ్చాక ఒక చెంచా ఊరికే తాగి చూస్తాను. గొంతులో చిన్నగా మంట, దగ్గు వచ్చినట్టు ఉంటే సంతోషిస్తాను. ఆ మంటకు కారణం ఒలియోకాంథాల్ అనే పదార్థం. అది నొప్పి తగ్గించే ఐబుప్రోఫెన్ మాత్రలా పనిచేస్తుందని 2005లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టాలి, లేకపోతే కల్తీ అని చెప్పే పరీక్షను నమ్మకండి. కాయ రకాన్ని బట్టి, నూనెలోని మైనాన్ని బట్టి మంచి నూనె కూడా గడ్డకట్టకపోవచ్చు.

ద్రాక్ష గింజల నూనెను ఇంట్లోంచి పూర్తిగా తీసేశానా అంటే, లేదు. మయొనైజ్ చేసేటప్పుడు నాకు అదే కావాలి. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెతో మిక్సీలో చేసిన రెండుసార్లూ చేదు వచ్చి పారబోయవలసి వచ్చింది. వెనిల్లా కేకులోనూ, నిమ్మరసం సువాసనే ముందుండాల్సిన సలాడ్‌లోనూ రుచీ వాసనా లేని ఆ నూనె బాగా ఒదుగుతుంది. పెద్ద వేడి తగలని చోట దాని బలహీనత కూడా అంతగా బయటపడదు. అందుకే ఇప్పుడు చిన్న సీసా మాత్రమే కొంటాను.

మీరు ఇప్పటికే ఒక పెద్ద సీసా కొనేశానని, దాన్ని ఏం చేయాలని చివర్లో అడిగారు. పారేయకండి. పొయ్యి పక్క అలమరలోంచి ముందు దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. నేను అలా పెట్టక ఒక సీసాను పాడు చేసుకున్నాను. మూత తీసి రెండు నెలలు కాకముందే పాత రంగు డబ్బా తెరిచినట్టు చిక్కు వాసన కొట్టింది. వాడే ముందు ప్రతిసారీ వాసన చూడండి. సలాడ్లకు, కేకులకు, కొద్ది మంటమీద ఒకసారి వేయించి దించేసే వంటలకు వాడి రెండు మూడు నెలల్లో పూర్తి చేయండి. నూనెలో ముంచి వేయించడానికి మాత్రం వద్దు. ఒకసారి కాచిన దాన్ని వడకట్టి దాచుకోవడం అసలే వద్దు.