లంబసింగి దారిలో వేళ్లు కొంకర్లు పోతుంటే

తమ్ముడూ, రెండు స్వెటర్లు వేసుకున్నా నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక వేళ్లు కొంకర్లు పోయి బ్రేక్ పట్టు దొరకలేదన్నావు. లోపం స్వెటర్లది కాదు, గాలిది. 5 డిగ్రీల చలిలో 60 వేగంతో వెళ్తే ఒంటికి సున్నా కంటే తక్కువే అనిపిస్తుంది. ఉన్ని అల్లికలోంచి ఆ గాలి దూరిపోతుంది. స్వెటర్ ఒక్కటి చాలు, వాన లేకపోయినా దానిపైన రెయిన్‌కోట్ వేసుకో. రెండింటి మధ్య, ఛాతీ మీద, నాలుగు మడతల న్యూస్‌పేపర్ పెట్టు. నేను ప్రతి డిసెంబర్‌లో అదే చేస్తాను. ఒళ్లు చల్లబడితే ముందు వేళ్లకే రక్తం తగ్గుతుంది, కాబట్టి ఛాతీని వదిలేసి ఎంత మంచి గ్లౌజులు కొన్నా లాభం లేదు.

చేతులకి ముందు పల్చటి సర్జికల్ గ్లౌజులు, వాటిపైన కాస్త వదులుగా ఉండే మామూలువి. రెయిన్‌కోట్ చేతి అంచుని గ్లౌజు లోపలికి దోపు. అక్కడ రెండు వేళ్ల సందు వదిలినా మోచేతి దాకా జివ్వుమంటుంది. మఫ్లర్ కొసలు కూడా లోపలికే, వేలాడనివ్వకు.

ఇన్ని చేసినా వేళ్లకి స్పర్శ తెలియకపోతే మాత్రం బండి ఆపెయ్. చేతులు చంకల్లో పెట్టుకుని పది నిమిషాలు నిలబడు. సైలెన్సర్ దగ్గర కాచుకోకు, మొద్దుబారిన వేళ్లకి కాలిన సంగతి కూడా తెలియదు.