ఎండలు మండుతాయంటారు, పిడుగుల వానలూ అంటారు… ఏది నమ్మాలి? మా తోట నేర్పిన సంగతి

మీరు అడిగింది ఇదీ: ఈ వేసవిలో ఎండలు మామూలుకంటే ఎక్కువంటున్నారు, అదే నోటితో ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులు అంటున్నారు. ఇందులో ఏది నిజం? మే నెలలో ఊళ్లో ఆరుబయట పెళ్లి పెట్టుకోవచ్చా?

రెండూ నిజమే. ఇది నాకు ఒక మామిడి పంట పోయాక గానీ ఎక్కలేదు.

మాది నూజివీడు దగ్గర పల్లె. తోటలో ఎక్కువ బంగినపల్లి, గట్ల మీద కొన్ని రసాలు. ఓ ఏడాది ఏప్రిల్ ఆఖరులో కాయ కోతకొచ్చింది. వ్యాపారితో రేటు కుదిరింది, ఎల్లుండి కోత అనుకున్నాం. ఆ మధ్యాహ్నం ఎండ ఎలా ఉందంటే, బోరు దగ్గర ఇనుప పైపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. మూడింటికల్లా గాలి బిగిసిపోయింది. ఒక్క ఆకు కదల్లేదు, ఒళ్లంతా జిగట చెమట. మా నాన్న తిరువూరు వైపు చూసి, "మబ్బు కమ్ముతోందిరా, మనుషుల్ని పిలిచి దొరికినంత ఈరోజే దించేద్దాం" అన్నారు. నేను ఫోన్ తీసి చూపించాను. 43 డిగ్రీలు, పక్కన సూర్యుడి బొమ్మ. "ఇంత ఎండలో వానేంటి నాన్నా" అన్నాను.

ఐదు దాటాక వచ్చింది గాలి. మహా అయితే ఇరవై నిమిషాలు. వాన చుక్కలు లెక్కపెట్టేటన్నే పడ్డాయి. తెల్లారి తోటలోకి వెళ్తే చెట్ల కింద కాలు పెట్టడానికి చోటు లేదు. రాలిన కాయని మాగబెట్టినా లాభం లేదు, దెబ్బ తగిలిన చోట నల్లబడి కుళ్లుతుంది. పచ్చడి కాయ కింద అడిగిన రేటుకి ఇచ్చేశాం. గట్టు మీద తాటిచెట్టు మొవ్వు పిడుగు పడి మాడిపోయి ఉంది. మేకలు కాసే ముసలాయన రోజూ దాని కిందే కూర్చునేవాడు. ఆ రోజు ఎండ తట్టుకోలేక పెందలాడే ఇంటికెళ్లిపోయాడు. ఎండే ఆయన్ని కాపాడిందని ఇప్పటికీ నవ్వుకుంటాం గానీ, ఆ చెట్టుని చూసినప్పుడల్లా గుండె జల్లుమంటుంది.

నేను చేసిన తప్పు ఎండని, గాలివానని పగవాళ్లనుకోవడం. ఎండే దాని వంటచెరకు. పగలంతా నేల కాగి, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి వస్తుంది, వాయవ్యం నుంచి పొడి వేడిగాలి వస్తుంది. ఈ రెండూ ఎదురుపడే గీతనే బులెటిన్లలో 'ద్రోణి' అంటారు. వేసవిలో అది తరచూ విదర్భ, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా సాగుతుంది. అక్కడ తేమ ఎగదన్నుకుని పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు క్యుములోనింబస్ మేఘాలవుతుంది. ఆ పైన మంచు ముక్కలు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పుడుతుంది, అదే పిడుగు. మేఘంలోంచి ధడాలున దిగిన చల్లగాలి నేలకి కొట్టుకుని పక్కలకి చిమ్ముతుంది. మా కాయ రాల్చింది వాన కాదు, ఆ గాలే.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకని భూమి వేడెక్కుతోందంటే ఎండలే పెరుగుతాయనుకోవద్దు, మేఘానికి దొరికే సరుకూ పెరుగుతుంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. నడి వేసవిలో, ఒక్క రోజులో! దేశం మొత్తం మీద 2022లో పిడుగులకి 2,887 మంది పోయారు. వడదెబ్బ వార్తలు చూసినంత శ్రద్ధగా ఈ లెక్కని మనం చూడం.

ఇక సీజన్ అంచనా సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎలా ఉండొచ్చో వాతావరణ శాఖ ముందే చెబుతుంది. అది మూడు నెలల సగటుకి సంబంధించిన మాట. ఫలానా తేదీన మీ ఊళ్లో ఏమవుతుందో అందులో వెతక్కూడదు. 2025నే తీసుకోండి. దేశంలో చాలా ప్రాంతాలకి ఎండలు ఎక్కువన్నారు. తీరా చూస్తే మే 24కే రుతుపవనాలు కేరళని తాకాయి, రెండు రోజుల్లో మన వైపూ వచ్చేశాయి. రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తె తడిసిపోయింది. "చూశావా, వాళ్లు చెప్పింది ఏదీ జరగదు" అని మా రచ్చబండ మీద ఒకటే వెక్కిరింతలు. ఆ వెక్కిరింత నాకు నచ్చదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2024 దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరం. 1991–2020 సగటు కంటే 0.65 డిగ్రీలు ఎక్కువ. ఆ సగటులో ఉన్నవీ వేడెక్కిన ఏళ్లే అని గుర్తుంచుకోండి. ఒక మే చల్లబడినంత మాత్రాన ఈ పోకడ వెనక్కి తిరగదు. 2015 మేలో వడగాలులకి దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, ఎక్కువ మంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. ఆ నెలలో మా వీధిలో రాత్రి పదకొండైనా గోడలు వేడి కక్కుతూనే ఉండేవి.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. సీజన్ అంచనా చూసి నీళ్లు, కూలీలు, కోత రోజులు అనుకుంటాను, అంతే. మేఘం సంగతికి మాత్రం మూడు గంటల ముందు వచ్చే హెచ్చరికే నమ్ముతాను. ఫోన్లో 'దామిని' యాప్ ఉంది, చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలో పిడుగులుంటే చెబుతుంది. విపత్తుల సంస్థ నుంచి మెసేజులూ వస్తాయి. ఉరుము వినపడిందంటే చెట్టు కింద ఎవర్నీ ఉండనివ్వను, మోటారు స్టార్టర్ ముట్టుకోనివ్వను, అందరూ పక్కా ఇంట్లోకే. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా బయటికి రాం. మా అమ్మ ఇప్పటికీ "అర్జునా, ఫల్గుణా" అంటూనే ఉంటుంది. అనుకోనీండి, ఇంట్లో కూర్చునే కదా అంటోంది.

మీ పెళ్లి విషయానికొస్తే, పొద్దుటి ముహూర్తం దొరికితే అదే పెట్టించండి. ఈ మేఘాలు ఎక్కువగా మధ్యాహ్నం మూడు తర్వాత, సాయంత్రం, రాత్రి మొదటి జాములో వస్తాయి. రాత్రి ముహూర్తమే అయితే షామియానా జోలికి పోకుండా కల్యాణ మండపం మాట్లాడుకోండి. ఇనుప గొట్టాలు, వాటికి చుట్టిన లైట్ల తీగలు, కింద వందల మంది జనం, పైన గాలి… నాకైతే ఆలోచిస్తేనే టెన్షన్. మీ ఇంటి ముందు పందిరి వేయక తప్పదంటారా, తాటాకుతో చిన్నదే వేయించి, భోజనాలు మాత్రం స్లాబు కింద పెట్టించండి.