రాయి లేని సమాధుల్ని కూడా రాయి, అమ్మడూ

చి. సౌ. అమ్మడికి పెద్దనాన్న ఆశీస్సులు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మీ ఇళ్ళ వెనకున్న చిన్న సమాధుల తోట చరిత్ర రాస్తానన్నావు, సంతోషం. మీ అత్తగారు మైల అంటే ఇంటికి రాగానే తలకి పోసుకో, అంతే. దానికోసం పని మానకు.

ముందు ఆ నేల ఎవరిదో పట్టుకో. 1841లో, టెక్సస్ ఇంకా సొంత రిపబ్లిక్‌గా ఉన్నప్పుడు, వలసవాళ్ళని తెచ్చి నేల ఇచ్చి స్థిరపరచడానికి పీటర్స్ కాలనీ ఒప్పందం కుదిరింది. కుటుంబానికి 640 ఎకరాలు, పెళ్ళికానివాడికి 320 దాకా ఇస్తామంటే మిస్సోరీ, టెనసీ, కెంటకీల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. దగ్గర్లో చర్చీ ఉండేది కాదు, ఊరూ ఉండేది కాదు. ఇంట్లో ఎవరన్నా పోతే పొలంలోనే కాస్త మెరక చూసి పాతిపెట్టుకునేవాళ్ళు. తరవాత పొలం అమ్మినా ఆ ముక్క మినహాయించి దస్తావేజు రాయించుకున్నవాళ్ళున్నారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని కేంద్రం మెకిన్నీలో కౌంటీ క్లర్క్ దగ్గర డీడ్ రికార్డులు, అంటే ఆ దస్తావేజుల నకళ్ళు, ఉంటాయి. ఇప్పటి యజమానితో మొదలుపెట్టి ఒక్కో పేరే పట్టుకుని వెనక్కి వెళ్ళు.

చుట్టూ ప్రైవేటు స్థలమే అయినా సమాధుల దగ్గరికి వెళ్ళి రావడానికి టెక్సస్ చట్టం దారి ఇస్తుంది. అయినా స్థలం వాళ్ళకి చెప్పి వెళ్ళడం మర్యాద. చలికాలంలోనే వెళ్ళు. గడ్డి ఎండి నేల కనపడుతుంది, కాపర్‌హెడ్ పాముల భయమూ తగ్గుతుంది.

రాళ్ళు వాలిపోయి ఉంటే ఎవరో పడదోశారనుకోకు. అక్కడిదీ మన గుంటూరు వైపు నల్లరేగడి లాంటి మట్టే. ఎండకి నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది, పైనున్న దేన్నీ తిన్నగా నిలవనివ్వదు. వాళ్ళూ అందులో పత్తే వేశారు. నిలబెట్టే పని మాత్రం నువ్వు పెట్టుకోకు, విరుగుతాయి.

రాతలు చదవడానికి బ్లీచ్, ఇనప బ్రష్, ప్రెషర్ వాషర్ ఏదీ వద్దు. చాక్‌పీసు, షేవింగ్ క్రీమ్ పూసేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ మాట వినకు. మంచినీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్ చాలు, అదీ రాయి గట్టిగా ఉంటేనే. పెద్ద అద్దం ఒకటి తీసుకెళ్ళి ఎండను పక్కవాటంగా రాయి మీద పడనివ్వు. అరిగిపోయిన అక్షరం కూడా నీడతో లేస్తుంది. వెంటనే ఫోటో తీసుకో. పుట్టిన తేదీ లేకుండా ఇన్నేళ్ళు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని వయసు చెక్కి ఉంటే, పోయిన తేదీలోంచి తీసేస్తే సరి. గొర్రెపిల్ల బొమ్మ ఉంటే చాలావరకు పసిబిడ్డదే.

అందరూ ఇక్కడితో ఆపేసి, ఆ ఇంటి పెద్దాయన గురించి రెండు పేజీలు రాసి ఊరుకుంటారు. నువ్వలా చెయ్యకు. 1900 జనాభా లెక్కల్లో ప్రతి తల్లినీ ఎంతమందిని కన్నావు, ఎంతమంది మిగిలారు అని అడిగారు. తొమ్మిది, అయిదు అని ఉందనుకో. పోయిన నలుగురిలో ఒక్కరికే రాయి ఉంటే తక్కిన ముగ్గురెక్కడ? టెక్సస్ అంతటా మరణాల నమోదు మొదలైందే 1903లో, కాబట్టి కాగితం దొరకదు. నేలనే చూడాలి. తూర్పుపడమరలుగా కుంగిన చోటు, వరసగా లేచిన ఐరిస్ పూల దుబ్బులు, ఒంటరి సీడర్ చెట్టు, పేరు చెక్కని మొరటు రాయి, ఇలాంటివి కనబడితే గుర్తుపెట్టుకో. తవ్వొద్దు, గుచ్చి చూడొద్దు. పటం గీసి, ఏది దేనికి ఎన్ని అడుగుల దూరమో టేపు పెట్టి కొలిచి రాసుకో.

ఇంకొకటుంది, కష్టమైంది. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే జాబితా ఉంది. అందులో యజమాని పేరుంటుంది. దాని కింద వయసు, ఆడా మగా, రంగు ఉంటాయి, మనిషి పేరు ఉండదు. నువ్వు రాసే ఇంటిపేరు అందులో కనిపిస్తే దాటెయ్యకు, ఎంతమందో వయసులతో సహా రాయి. ఆ బానిసల సమాధులు కంచెకి అవతలే ఉండి ఉండొచ్చు. కంచె తరవాతెప్పుడో వేసి ఉంటారు కాబట్టి బయట పది గజాలు కూడా నడిచి చూడు. ఆ కుటుంబం వాళ్ళు నొచ్చుకుంటారేమో అంటావు. నొచ్చుకోనీ.

అంతా అయ్యాక టెక్సస్ హిస్టారికల్ కమిషన్‌కి హిస్టారిక్ టెక్సస్ సిమెట్రీ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టు. వస్తే అది డీడ్ రికార్డులకి ఎక్కుతుంది, రేపు ఏ బిల్డరూ తెలియదనడానికి ఉండదు. పంపేముందు పటం నకలు నాకు వాట్సాప్ చెయ్యి, కొలతలు ఒకసారి చూస్తాను.

మీ పెద్దనాన్న