పిలుపు పేరు ఆద్య, మరి రికార్డులో ఏం రాయించాలి?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాకు పాప పుట్టి నాలుగు నెలలైంది. జననం ఆసుపత్రివాళ్లే నమోదు చేయించారు. సర్టిఫికెట్‌లో పాప పేరు దగ్గర ఖాళీగా ఉంది. మేం ఆద్య అని పిలుచుకుంటున్నాం. మా అత్త జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కుకున్నారు. ‘సంతానం కోసం ఆ గుళ్లో ఇచ్చే కొడిముద్ద ప్రసాదం తిన్నాకే కదా బిడ్డ నిలిచింది, ఆ తల్లి పేరు లేకపోతే ఎట్టా?’ అంటున్నారు. మా ఆయనేమో ‘ఇప్పటికి ఆద్య అని రాయించేద్దాం, బళ్లో వేసేటప్పుడు పెద్ద పేరు ఇద్దాం’ అంటున్నారు. అలా చేయవచ్చా? ఇంటిపేరు మొత్తం రాయించాలా, ఇనీషియల్ చాలా? రేపు పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది కదా? అసలు పేరు రాయించే గడువు దాటిపోయిందా?

జవాబు: అమ్మా, ముందు గడువు సంగతి చెబుతాను, మీ బెంగ తీరుతుంది. దాటలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో పుట్టుకకు ఒక లెక్క, పేరుకు ఇంకో లెక్క. బిడ్డ పుట్టిన సంగతి 21 రోజుల్లోపు రిజిస్ట్రారుకు తెలియాలి. మీ విషయంలో ఆసుపత్రి ఆ పని చేసింది. మన ఇళ్లలో బారసాల కూడా 21వ రోజున చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ రోజుకల్లా పేరు కూడా ఆఫీసులో ఎక్కాలేమోనని కంగారుపడతారు. అక్కర్లేదు. పేరు లేకుండా నమోదైన బిడ్డకు 14వ సెక్షన్ కింద తర్వాత పేరు చేర్పించుకోవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల వరకు రుసుము లేదు. ఆ పైన ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్పించవచ్చు. అంటే మీకు ఇంకా ఏడెనిమిది నెలల తీరిక ఉంది. కూర్చుని మాట్లాడుకోండి.

ఇక మీ వారి ఆలోచన. దానికి మాత్రం నేను ఒప్పుకోను. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట అలా నడిచిపోయేది. బడిలో హెడ్మాస్టరుగారు అడ్మిషన్ రిజిస్టరులో ఏం రాస్తే అదే పదో తరగతి మార్కుల లిస్టులోకి వచ్చేది, అదే అసలు పేరయ్యేది. జనన సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో పడి ఉండేది. ఇప్పుడు ఆ క్రమం తిరగబడింది. 2023లో చట్టాన్ని సవరించారు, 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రుజువు చేసే కాగితం జనన సర్టిఫికెట్ ఒక్కటే. బడిలో చేర్చాలన్నా, ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవాలన్నా, ఓటరుగా నమోదు కావాలన్నా, వివాహ రిజిస్ట్రేషన్, ప్రభుత్వ ఉద్యోగం అన్నా దాన్నే అడుగుతారు. మీ పాప ఆ తేదీ తర్వాత పుట్టింది. అందులో ఏ పేరుంటే మిగతావన్నీ దాన్నిబట్టే నడుస్తాయి.

ఒకసారి పేరు ఎక్కాక మార్పించడం చాలా కష్టం. 15వ సెక్షన్ తప్పులు దిద్దడానికి ఉంది. రాతలో పొరపాటు పడితే, ఆధారాలు చూపితే రిజిస్ట్రారు మార్జిన్‌లో సరిచేస్తారు, పాత నమోదు అలాగే ఉంటుంది. ‘ఆద్య’ తప్పు కాదు, మీరే ఇష్టపడి రాయించిన పేరు. దాన్ని ‘కామాక్షి ఆద్య’ చేయమంటే అది దిద్దుబాటు కిందికి రాదని వెనక్కి పంపుతారు. గెజిట్‌లో వేయించుకోవచ్చు కదా అంటారు చాలామంది. గెజిట్ ప్రకటన పేరు మార్చుకున్నట్టు లోకానికి చెప్పే కాగితం. జనన రిజిస్టరులోని పేరును అది తనంతట తాను మార్చదు.

ఇది ఎంత దూరం పోతుందో నా బల్ల మీదే చూశాను. కోవూరు వైపు నుంచి ఒక తల్లి, పందొమ్మిదేళ్ల కూతురు వచ్చారు. ఆ తల్లి సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి వరసగా పరిచింది. జనన సర్టిఫికెట్‌లో ‘చిన్ని’. ఆధార్‌లో ‘ప్రసన్న’, ఇంటిపేరు లేదు. పదో తరగతి మెమోలో మూడు ఇనీషియల్స్ తర్వాత ‘ప్రసన్న’. ఇంటర్ మెమోలో ఆ ఇనీషియల్స్‌లో ఒకటి మాయం. పిల్ల పై చదువుకు బయటి దేశం పోవాలి. నలుగురూ ఒకరేనని అఫిడవిట్లతో, పత్రికా ప్రకటనలతో రుజువు చేసేసరికి ఆ ఏడాది సీటు చేజారింది. ఆ తల్లి లామినేషన్ అంచు గోటితో గీరుకుంటూ, ‘ముద్దుగా పిలిచేది రాయించాం మేడమ్, అంతే’ అంది. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

పేరు విషయంలో నా సలహా ఇది. బారసాలనాడు బియ్యంలో ఎన్ని పేర్లయినా రాసుకోవచ్చు, రిజిస్టరులో మాత్రం పూర్తి పేరు ఒక్కటే, అదీ మొదటిసారే. మీ అత్తగారి మాట తీసేయకండి. జొన్నవాడ బ్రహ్మోత్సవాల్లో కొడిముద్ద కోసం వరసలో నిలబడ్డ ఆశ ఆ పేరులో ఉంది. ‘ఆద్య కామాక్షి’ అనో ‘కామాక్షి ఆద్య’ అనో రెండు మాటలూ కలిపి రాయించండి. ఏది ముందు అన్నది చిన్న సంగతి కాదు. బడిలో, బ్యాంకులో, ఆసుపత్రిలో మొదటి మాటతోనే పిలుస్తారు. పాపను నలుగురూ ఆద్య అనాలని మీకుంటే దాన్నే ముందు పెట్టండి. ఇంటిపేరుతో కలిపి మూడు మాటలు దాటనివ్వకండి. నాలుగైదు మాటల పేర్లు దరఖాస్తు గళ్లలో పట్టక ఎక్కడో ఒకచోట తెగిపోతాయి.

ఇంటిపేరు మొత్తం విడదీసి రాయించండి, ఇనీషియల్ వద్దు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. అక్కడ పొడి అక్షరాలు పనికిరావు. ఇంటిపేరు అసలే లేకపోయినా చిక్కే. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే మాట పేరుగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని ప్రకటించింది. మన జిల్లా నుంచి గల్ఫ్ పోయే కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టంలోనూ లేదు. మార్చుకోవడం ఆనవాయితీ, అది రేపు ఆ అమ్మాయి ఇష్టం. అందుకే సొంత పేరు ఇంటిపేరు మీద ఆనుకోకుండా తనంతట తాను నిలబడేలా ఉండాలి. మీరు అడగలేదు గానీ, ఇది చదివే ఒంటరి తల్లుల కోసం ఒక మాట. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తెలుగు తల్లి కేసులో సుప్రీంకోర్టు 2022 జులైలో, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు సహజ సంరక్షకురాలైన తల్లికి ఉందని చెప్పింది. తండ్రి ఇంటిపేరే పెట్టాలని ఆఫీసులో ఎవరైనా పట్టుబడితే ఈ తీర్పు చూపండి.

మీరు వెళ్లాల్సింది బుచ్చి నగర పంచాయతీకి కాదు, నెల్లూరు నగరపాలక సంస్థకు. మీ ఇల్లు ఎక్కడున్నా, పుట్టిన చోటి రిజిస్ట్రారే పేరు చేర్చాలి. ఇప్పటి సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్ నకళ్లు పట్టుకుని, దరఖాస్తు మీద ఇద్దరూ సంతకం పెట్టండి. పేరు నోటితో చెప్పకండి. తెలుగులో, ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. కామాక్షిలో ‘క్షి’కి ఒకరు కె, ఎస్, హెచ్, ఐ కొడతారు, ఇంకొకరు ఎక్స్, ఐ కొడతారు. ‘కా’కు ఒక ఏ కొట్టేవాళ్లు, రెండు ఏలు కొట్టేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. మీకు ఏది కావాలో ముందే తేల్చుకుని, ఫైనల్ చేసే ముందు స్క్రీన్ మీద ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకోండి.

మీ పేరూ, మీ వారి పేరూ కూడా చూడండి. ఆసుపత్రిలో చేరిన రోజు చీటీలో ఎవరో రాసిందే చాలాసార్లు సర్టిఫికెట్‌లోకి వస్తుంది. మీ పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు ఉండి, ఆధార్‌లో అత్తింటిది ఉంటే, పాప పేరు చేర్పించేటప్పుడే దాన్నీ సరిచేయమని దరఖాస్తు పెట్టండి. కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చాకే పాప ఆధార్‌కు వెళ్లండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితం మొత్తానికి రెండుసార్లే, అవి ఆ పిల్లకే మిగలనివ్వండి.