‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ కుటుంబాన్ని ఊరు వదిలించింది దుమ్మేనా?

జాన్ స్టైన్‌బెక్ నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1939)లో జోడ్ కుటుంబం ఓక్లహామా వదిలి కాలిఫోర్నియా చేరుతుంది కదా, నిజంగా దుమ్ము తుఫాన్ల వల్లే అంతమంది వలస వచ్చారా అని అడిగారు.

దుమ్ము నిజమే. 1935 ఏప్రిల్ 14న లేచిన తుఫానుకి ‘బ్లాక్ సండే’ అని పేరే పడిపోయింది. కానీ అది ఎక్కువగా కమ్మేసింది ఓక్లహామా పడమటి కొసని, దాన్ని ఆనుకున్న టెక్సస్, కాన్సస్, కొలరాడో ప్రాంతాల్ని. జోడ్ కుటుంబానిది సాలిసా. అది రాష్ట్రానికి తూర్పు చివర ఉంది. అక్కడి జనాన్ని కదిలించినవి పత్తి ధర, కౌలు, ట్రాక్టరు.

నేను కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో ఆరేళ్ళు ఉన్నాను. మా వీధి చివరింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. ఐదేళ్ళ పిల్లగా ఓక్లహామా నుంచి వచ్చారట. నాది పత్తి పండించే ఊరని తెలిశాక ఒకరోజు లేచి నిలబడి, భుజానికి పొడుగాటి గోతం తగిలించుకుని సాలు వెంట ఎలా ఈడ్చుకెళ్ళేవారో చేసి చూపించారు. మా అమ్మ నడుముకి ఒడి కట్టుకుని ఎలా తీసేదో నేను చూపించాను. కాయ మొనలు గోళ్ళ పక్కన గీరుకుంటే ఎలా మండుతుందో ఇద్దరికీ తెలుసు.

ఆ పెద్దావిడ నాన్న సగపాలుకి సేద్యం చేసేవాడు. 1935 నాటికి ఓక్లహామా రైతుల్లో నూటికి అరవై మంది కౌలుదార్లే. 1929లో పౌను పత్తి ధర దాదాపు 17 సెంట్లుంటే, రెండేళ్ళకే 6 సెంట్లకి పడిపోయింది. ధర నిలబెట్టాలని రూజ్వెల్ట్ ప్రభుత్వం 1933లో చట్టం తెచ్చి, పత్తి విస్తీర్ణం తగ్గించినవాళ్ళకి డబ్బిచ్చింది. కౌలుదారుకీ వాటా ఇవ్వాలనే ఉంది గానీ, చాలాచోట్ల ఆ డబ్బు ఆసామి చేతిలోనే ఆగిపోయింది. సాగు తగ్గాక కౌలుదారుతో ఆసామికి పనేముంది? ఆ డబ్బుతో ట్రాక్టర్లు కొన్నవాళ్ళూ ఉన్నారు.

ఈ భాగం నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మా నాన్న కౌలుకి చేసిన నాలుగెకరాలు తుఫానుకి మునిగిన ఏడాది, పరిహారం పట్టా ఉన్నాయన ఖాతాలో పడింది. విత్తనాల అప్పు మాత్రం మా నాన్న మీదే మిగిలింది. నవలలో ట్రాక్టరు ఇంటి మూలని గుద్ది పెకలించే చోట పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కాలిఫోర్నియాలో కష్టాలు కూడా కల్పన కాదు. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి 136 మంది పోలీసుల్ని రాష్ట్ర సరిహద్దులకి పంపి, చేతిలో డబ్బుల్లేనివాళ్ళని వెనక్కి తిప్పించాడు. తమ దేశంలోనే! 1935 కార్మిక చట్టం సంఘం పెట్టుకునే హక్కునిస్తూ పొలం కూలీల్ని మాత్రం పక్కన పెట్టేసింది.

స్టైన్‌బెక్ ఇదంతా ఊహించి రాయలేదు. 1936లో ‘శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్’ పత్రిక కోసం కూలీల గుడారాల మధ్య తిరిగి ఏడు వ్యాసాలు రాశాడు. ఆర్విన్ దగ్గరి ప్రభుత్వ క్యాంపు మేనేజరు టామ్ కాలిన్స్ ఆయన్ని వెంట తిప్పాడు, తన రిపోర్టులూ ఇచ్చాడు. నవల అంకితంలో ఉన్న టామ్ ఈయనే. 1939 ఆగస్టులో కెర్న్ కౌంటీ తన లైబ్రరీల్లో, బళ్ళలో నవలని నిషేధించింది. ఆ క్యాంపు ఉన్నదీ, నేను కాపురమున్నదీ ఆ కౌంటీలోనే. 1941 దాకా నిషేధం ఎత్తలేదు.

క్యాంపు పాత హాలు ఇంకా నిలిచే ఉంది. అక్టోబరులో వెళ్ళాను. దారి పొడవునా ద్రాక్ష సాళ్ళ మీద తెల్ల ప్లాస్టిక్ కప్పి ఉంది, మొహాలకి గుడ్డలు చుట్టుకుని కూలీలు కోస్తున్నారు.

నవలకి ముందు ఆ ఏడు వ్యాసాలూ చదవండి. తర్వాత సనోరా బాబ్‌ని చదవండి. కాలిన్స్‌తో కలిసి ఆ క్యాంపుల్లోనే పనిచేస్తూ ఆవిడా ఒక నవల రాసింది. స్టైన్‌బెక్ పుస్తకం ముందుగా రావడంతో ప్రచురణకర్త దాన్ని ఆపేశాడు. 2004లో గానీ అచ్చు కాలేదు.