స్కానింగ్ గదిలోకి ఏటీఎం కార్డు తీసుకెళ్లొచ్చా?

అమ్మాయికి మావయ్య దీవెనలు.

నెల్లూరు పొగతోటలో స్కానింగ్ సెంటర్‌లో ఉద్యోగానికి చేరావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ఎం.ఆర్.ఐ. గదిలోకి ఏటీఎం కార్డు తీసుకెళితే పాడవుతుందా అని అడిగావట. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ చాలామంది ఈ సందేహంతోనే వచ్చేవాళ్లు.

కార్డు వెనక నల్ల పట్టీ ఉంటుంది చూడు, అందులో వివరాలన్నీ అయస్కాంత రేణువుల్లో నమోదై ఉంటాయి. బలమైన అయస్కాంతం తగిలితే అవి చెరిగిపోతాయి. ముందువైపు చిప్పుకి ఆ బాధ లేదు, అది పనిచేసే పద్ధతే వేరు. హ్యాండ్‌బ్యాగు బటన్‌లో ఉండే చిన్న అయస్కాంతానికి బ్యాంకు కార్డు పట్టీ మామూలుగా చెక్కుచెదరదు. లాడ్జి గది తాళంగా ఇచ్చే కార్డే త్వరగా చెరుగుతుంది.

మీ గది సంగతి అలా కాదు. ఎం.ఆర్.ఐ. యంత్రమంటేనే పెద్ద అయస్కాంతం; 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) యంత్రం ముందు ఏ పట్టీ నిలుస్తుంది? పైగా అందులోని అయస్కాంతం స్కాన్ లేనప్పుడూ, కరెంటు పోయినప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. పర్సు, ఫోను, తాళాలు బయట లాకర్లో పెట్టాకే లోపలికి వెళ్లు. కార్డు పోతే ఇంకోటి వస్తుంది, ఇనుప వస్తువు ఎగిరివచ్చి తగిలితే మనిషికే ప్రమాదం. ఉదయగిరి నుంచో, కందుకూరు నుంచో పేషెంటుతో వచ్చినవాళ్లకు ఇవన్నీ తెలియవు. జేబులు ఖాళీ చేశారా అని ప్రతి ఒక్కరినీ నువ్వే అడగాలి, విసుక్కోకుండా అడుగు.

ఒకవేళ పట్టీ చెరిగినా కంగారుపడకు. 2018 డిసెంబరు 31లోగా కార్డులన్నీ చిప్పువి చేయాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, కొట్లో మెషిన్ చదివేది చిప్పునే. కొన్ని ఏటీఎంలు మాత్రం పట్టీ చదవలేక కార్డు తీసుకోకపోవచ్చు.

నా టెన్షనంతా అక్కడే. కార్డు పడక నువ్వు తంటాలు పడుతుంటే వెనకనున్నవాడు "ఇటివ్వమ్మా, నేను చూస్తా" అంటాడు. పిన్ను కనిపెట్టి, అదే రంగు కార్డు ఇంకోటి నీ చేతిలో పెట్టి పోతాడు. ఎంత పెద్దమనిషిలా కనిపించినా కార్డు ఇవ్వొద్దు. బయటికి వచ్చేముందు కార్డు మీద నీ పేరుందో లేదో చూసుకో. మారిందని తెలిస్తే ఇంటికొచ్చాక చూద్దామనుకోకుండా అక్కడే బ్యాంకుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించు. డబ్బు పోయుంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కూడా చెప్పు. పట్టీ చెరిగిన కార్డు బదులు కొత్తది కావాలంటే బ్రాంచిలో అర్జీ పెడితే సరిపోతుంది.

మీ మావయ్య,
కావలి