నాన్నగారికి లెక్క అప్పజెప్పడం ఆపమ్మా

అమ్మా, నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది, నీ మీద కాదు. మూడో నెలలో గర్భం పోయింది, రెండు వారాలు తిరక్కుండానే తెల్లచీర కట్టుకుని చర్చి క్వైర్‌లో పాడటానికి నిలబడ్డావు, ఆ సాయంత్రం ఒంగోలు నుంచి నాన్నగారు ఫోన్ చేసి "రెండో చరణంలో గొంతు తగ్గిందట, ఏంటమ్మా?" అన్నారు. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. ఈ సంగతి చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రెండు లైన్లలో రాశావు. మిగతా ఉత్తరమంతా సండే స్కూల్లో పిల్లలకు చెప్పడం మానేస్తే దేవుడికి కోపం వస్తుందా, బిడ్డ పోయింది నా పరిచర్యలో లోపం వల్లేనా అని.

రాదు. కాదు. ఈ ప్రశ్న ఇంతటితో వదిలెయ్. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల తేడా వల్లే పోతాయి, ఏ డాక్టరమ్మనైనా అడుగు. ఉపవాస ప్రార్థనకు ఎన్ని శుక్రవారాలు వెళ్లావన్నదానికీ దీనికీ సంబంధం లేదు.

అసలు సంగతి నీకూ మీ నాన్నగారికీ మధ్య ఉంది. పాస్టరుగారి అమ్మాయివి. బైబిలు వాక్యం తప్పు లేకుండా అప్పజెబితేనే ఆయన మొహం వెలిగేదని, క్రిస్మస్‌కు ముందు చేసే సెమీ క్రిస్మస్ నాటికలో ఒక మాట మర్చిపోతే ఇంటికొచ్చాక రెండు రోజులు పలకరించేవారు కాదని నువ్వే రాశావు. పెళ్లయి విజయవాడ వచ్చినా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో ఆ లెక్క నడుస్తూనే ఉంది: ఏం పాడావు, స్త్రీల సమాజంలో ప్రార్థన ఎవరు చేశారు. దేవుడు మాట్లాడినా నీకు నాన్నగారి గొంతే వినపడుతోంది.

"మాది నాలుగు తరాల విశ్వాసుల కుటుంబం, నాన్న పరువేం కావాలి" అన్నావు. 1878 జూలైలో మీ ఒంగోలు దగ్గరే, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో చితికిపోయిన జనం, ఎక్కువమంది మాదిగలు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని వాళ్లు. ఏ పరువు చూపించి వచ్చారమ్మా వాళ్లు? నమ్మామన్నారు, చేర్చుకున్నారు. వాళ్ల వారసులమని చెప్పుకునే మనం బిడ్డ పోయిన పిల్లని శ్రుతి గురించి అడుగుతున్నాం!

బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలో అందరూ తప్పిపోయిన చిన్నకొడుకు గురించే చెబుతారు, నువ్వు పెద్దకొడుకు దగ్గర ఆగు. ఏళ్లతరబడి చాకిరీ చేసినవాడు, తమ్ముడు తిరిగొచ్చాడని విందు జరుగుతుంటే లోపలికి పోనని బయటే ఉండిపోయాడు. తండ్రి వాడి కోసమూ బయటికొచ్చి బతిమాలాడు, నాదంతా నీదే అన్నాడు, పని లెక్క అడగలేదు.

తండ్రిని గౌరవించాలి, అందులో నాకు రెండో మాట లేదు. మందులకు డబ్బు పంపు, వెళ్లి చూసిరా. కానీ వారం వారం రిపోర్టు ఇవ్వడం గౌరవం కాదు. ఆదివారం దాకా ఆగకుండా ఈ వారంలోనే నువ్వే ఫోన్ చెయ్. "నాన్నా, నా బిడ్డ పోయింది, మీరు పాట గురించి అడిగారు, నాకు చాలా బాధేసింది" అని చెప్పు. ఏడుపొస్తే ఏడువు. ఆయన వాక్యం ఎత్తుకుంటే "ఇప్పుడు వాక్యం వద్దు నాన్నా, నా మాట వినండి" అను. మెత్తబడినా, ఫోన్ పెట్టేసినా, నువ్వు చెప్పాల్సింది చెప్పినట్టే.

సండే స్కూల్ క్రిస్మస్ దాకా వేరేవాళ్లని చూసుకోమని పాస్టరమ్మగారికి చెప్పెయ్, కారణాలు ఏకరువు పెట్టకు. మందిరానికి వెళ్లాలనిపిస్తే వెళ్లి వెనక కూర్చో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేవకు. నిద్ర పట్టట్లేదన్నావు కదా, మీ ఆయన్ని తోడు తీసుకుని డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పు, ఆవిడ సరే అనేదాకా ఉపవాసాలు వద్దు.